పాత మోటారు సైకిలుకు క్రొత్త ఫోర్కులు

"క్రొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన సామెత. మోటారు సైకిళ్ళ విషయంలో ఈ సామెత నేడు తలక్రిందులైనది. రెండవ ప్రపంచ యుద్ధం నాటి బి.ఎస్.ఏ. బండినో, నార్టన్ బండినో తుడిచి, రంగు వేయించి, సెలవునాడు వీధిలోనికి తీసి నలుగురికీ చూపుకొనేవారు చెన్నైలోనూ, బెంగుళూరులోనూ, పూనాలోనూ ఎందరో ఉన్నారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. తాతలనాడు ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం ఈ ఊళ్ళకు వచ్చి స్థిరపడిన కుటుంబాలలో పెద్దవారి గుర్తుగా మిగిలిన వస్తువులలో ఇటువంటి బండి ఒకటి కావడం కద్దు.

బండి షెడ్డులో ఉన్నంతవరకు తగవు లేదు. రోడ్డు మీదికి తేవాలనుకొన్నప్పుడే తగవు వస్తుంది. "ముందు ఫోర్కులు అరిగిపోయినవి, చేయి నిలవడం లేదు, క్రొత్త రకం ఫోర్కులు వేయిద్దాం" అని కొడుకు అంటాడు. "ఫోర్కులు మారిస్తే అది మా నాన్నగారి బండి ఎట్లా అవుతుంది?" అని తండ్రి అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఈ తగవు తీర్చడానికి మెకానిక్కు మాట ఒక్కటే చాలదు. ఫోర్కుల చరిత్ర కూడ కొంత తెలియాలి. ఆ చరిత్రను నాకు తెలిసినంతవరకు మన సంఘ సభ్యుల ముందు ఉంచుతున్నాను.

మోటారు సైకిలు పుట్టిన క్రొత్తలో దానికి ప్రత్యేకమైన ఫోర్కు అంటూ లేదు. సైకిలుకు ఇంజను తగిలించినారు, అంతే. సైకిలు ఫోర్కు గట్టి ఇనుప కొమ్మల జత. దానికి సాగడం, ముడుచుకోవడం తెలియదు. గుంటలో చక్రం పడితే ఆ దెబ్బ సూటిగా నడిపేవాని మణికట్టుకు వచ్చి తగిలేది. వేగం పెరిగినకొద్దీ ఫోర్కులు విరగడం కూడ మొదలైనది. అందుచేత ముందు చక్రానికి స్ప్రింగు కావలసి వచ్చినది.

ఈ అవసరం నుండి పుట్టినదే గిర్డరు ఫోర్కు. పాత బండి ముందు నిలబడి చూస్తే చక్రానికి అటూ ఇటూ నిచ్చెన వంటి రెండు ఇనుప చట్రాలు కనబడతాయి. అవి బండి మెడకు సూటిగా అంటుకొని ఉండవు. పైన ఒక జత, క్రింద ఒక జత చిన్న లింకులతో వ్రేలాడుతూ ఉంటాయి. మధ్యలో పీపా ఆకారంలో ఒక లావుపాటి స్ప్రింగు. చక్రం గుంటలో పడి పైకి లేచినప్పుడు చట్రం మొత్తం లింకుల మీద ఊగుతూ పైకి లేస్తుంది, స్ప్రింగు ఆ దెబ్బను మ్రింగుతుంది. స్ప్రింగు అదేపనిగా ఎగిరిపడకుండా ప్రక్కన ఒరిపిడి బిళ్ళలు ఉంటాయి. వాటిని చేతితో త్రిప్పి బిగించడానికి ఒక పిడి ఉంటుంది. ఇంగ్లండులో డ్రూయిడ్, వెబ్, బ్రాంప్టన్ అనే పేర్లతో ఇటువంటి ఫోర్కులు తయారయ్యేవి. మోటారు కంపెనీలు వాటిని కొని తమ బండ్లకు తగిలించుకొనేవి. 1920 నుండి 1940 వరకు ఇంగ్లండులో గిర్డరు ఫోర్కుదే రాజ్యం.

గిర్డరు ఫోర్కు చెడ్డదనుకోవడం పొరపాటు. బ్రేకు వేసినప్పుడు బండి ముందుకు తల వాల్చడం దానిలో తక్కువ. రెండు చక్రాల మధ్య దూరం కూడ పెద్దగా మారదు. కాని దానికి సేవ ఎక్కువ కావాలి. లింకుల సీలలకు, బుష్షులకు వేళ తప్పకుండా గ్రీసు పెట్టాలి. పెట్టకపోతే అవి అరిగి ఫోర్కు ప్రక్కలకు ఆడుతుంది. అట్లా ఆడే ఫోర్కుతో వేగంగా పోవడం ప్రాణాపాయం. పైగా చక్రం పైకి లేవడానికి దానిలో ఉన్న అవకాశం రెండు మూడు అంగుళాలే.

గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్కు దీని తరువాత పుట్టినదని చాలామంది అనుకొంటారు. నిజానికి ఆ ఆలోచన చాల పాతది. ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ అనే ఆంగ్లేయుడు 1908లోనే తన బండికి జారే గొట్టాల ఫోర్కు పెట్టినాడు. కాని ఆ మార్గాన్ని ఇతరులు వెంటనే పట్టుకోలేదు. 1934లో డెన్మార్కు దేశంలో నింబస్ అనే నాలుగు సిలిండర్ల బండి టెలిస్కోపిక్ ఫోర్కుతో వచ్చినది. మరుసటి ఏడు 1935లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీ ఆర్.12, ఆర్.17 అనే బండ్లలో ఫోర్కు గొట్టాలలో నూనె పోసినది. చక్రం పైకి క్రిందికి ఆడేటప్పుడు ఆ నూనె సన్నని రంధ్రాల గుండా ఇటూ అటూ పోవాలి. రంధ్రం సన్నం కాబట్టి నూనె తొందరగా పోలేదు. ఆ అడ్డగింపే స్ప్రింగు ఎగిరిపాటును అణచుతుంది. చేతితో బిగించే బిళ్ళల పని నూనె తనంతట తానే చేసినది. అసలు మార్పు జారే గొట్టాలలో కంటె ఈ నూనెలో ఉన్నది.

యుద్ధం వచ్చినది. ఇంగ్లండులో మ్యాచ్‌లెస్ కంపెనీ 1941లో సైన్యానికి ఇచ్చిన జి.3.ఎల్. బండికి నూనె ఫోర్కు పెట్టినది. దానికి వారు టెలిడ్రాలిక్ అని పేరు పెట్టుకొన్నారు. సైనికులు ఆ బండిని మెచ్చుకొన్నారు. కాని యుద్ధంలో అన్నిటికంటె ఎక్కువ సంఖ్యలో నడిచిన బండ్లలో ఒకటైన బి.ఎస్.ఏ. ఎం.20 మాత్రం పాత గిర్డరు ఫోర్కుతోనే నడిచినది. 496 సి.సి. ఇంజను, 13 గుర్రాల శక్తి. వేగం తక్కువ, ఓర్పు ఎక్కువ. సుమారు 1,26,000 బండ్లు సైన్యం కోసం తయారైనవని లెక్క. నార్టన్ 16.హెచ్. అనే బండి కూడ ఆ కోవలోనిదే.

యుద్ధం ముగియగానే కంపెనీలు ఒకదాని వెంట ఒకటి గిర్డరును వదలిపెట్టినవి. బి.ఎస్.ఏ. 1945లో బి.31 అనే క్రొత్త బండిని టెలిస్కోపిక్ ఫోర్కుతో తెచ్చినది. నార్టన్ 16.హెచ్.కు 1947లో రోడ్‌హోల్డర్ అనే ఫోర్కు వచ్చినది. 1948లో ఎం.20కి కూడ క్రొత్త ఫోర్కు పెట్టినారు. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఎం.20 ఇంజను మారలేదు, పేరు మారలేదు, పని మారలేదు. ముందు ఫోర్కు మారినది. అనగా పాత బండికి క్రొత్త ఫోర్కు వేయడమనే పని మన ఊరి మెకానిక్కు కల్పించినది కాదు. దానిని మొదట చేసినవారు ఆ బండిని తయారుచేసిన కంపెనీవారే. 1947లో కొన్న బండి వాడు 1948 బండిని చూచి తన బండికి కూడ అటువంటి ఫోర్కు కావాలనుకోవడంలో వింత ఏమున్నది?

ఇక మన దేశం సంగతి. యుద్ధానంతరం సైన్యం వదలిన బండ్లు వేలంలో అమ్ముడుపోయి సామాన్యుల చేతికి వచ్చినవి. ఈనాడు మన దేశంలో కనబడే ఎం.20, 16.హెచ్. బండ్లలో చాల భాగం ఇట్లా వచ్చినవే. అవి గిర్డరు ఫోర్కుల బండ్లు. ఆ తరువాత కొద్ది ఏండ్లకే నూనె ఫోర్కుల బండ్లు దిగినవి. రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ 1949లో అమ్మకానికి తెచ్చిన బుల్లెట్ బండికి ముందు టెలిస్కోపిక్ ఫోర్కు, వెనుక కూడ స్ప్రింగు అమరిక ఉన్నవి. మన సైన్యం దానిని కోరుకొన్నది. 1955లో మద్రాసు మోటార్స్‌వారు, ఇంగ్లీషు కంపెనీవారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ నెలకొల్పి మద్రాసు చేరువ తిరువొత్తియూరులో కర్మాగారం కట్టినారు. 1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం పని ప్రారంభించినది. అది 1996 వరకు నడిచినది. జావా బండికి కూడ టెలిస్కోపిక్ ఫోర్కులే. ఈ విధంగా దక్షిణ దేశంలో పాత గిర్డరు బండ్లు, క్రొత్త నూనె ఫోర్కుల బండ్లు ఒకే రోడ్డు మీద ప్రక్క ప్రక్కన నడిచిన కాలం ఒకటి వచ్చినది.

పాత ఫోర్కుకు సీల అరిగితే ఇంగ్లండు నుండి రావాలి, లేదా లేతు మీద చేయించుకోవాలి. క్రొత్త ఫోర్కుకు ఆయిల్ సీలు, బుష్షు, స్ప్రింగు మన దేశంలోనే దొరుకుతాయి. చెన్నైలో పుదుపేట, బెంగుళూరులో జె.సి. రోడ్డు వంటి చోట్ల పాత, క్రొత్త సామాను వెదికిపట్టుకోవడం అలవాటైన పని. ఫోర్కుల మార్పిడికి అసలు కారణం ఇదే. షోకు కొంత ఉన్నా అవసరం ఎక్కువ.

అయితే ఫోర్కు మార్చడం సీటు మార్చడం వంటిది కాదు. బండికి దారి చూపేది ఫోర్కు. ఆసుపత్రిలో రోగిని తోసే బల్ల క్రింది చక్రాలను చూడండి. చక్రం నేలను తాకే చోటు, పైనున్న ఇరుసు కంటె కొంచెం వెనుకగా ఉంటుంది. అందుకే బల్లను ఎటు తోస్తే చక్రం అటే తిరిగి వెంట వస్తుంది. మోటారు సైకిలులో కూడ ఇదే సూత్రం. బండి మెడ వాలుగా ఉంటుంది. ఆ వాలు గీతను నేలదాకా పొడిగిస్తే అది నేలను తాకే చోటు ముందు, చక్రం నేలను తాకే చోటు వెనుక. ఈ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఇది ఎక్కువైతే హ్యాండిలు బరువెక్కి, ఇరుకు సందులలో బండి తిరగదు. తక్కువైతే హ్యాండిలు మరీ తేలికై, వేగంలో తల ఆడిస్తుంది.

లెక్క ఒకటి వేసి చూద్దాము. చక్రం ఇరుసు నుండి నేలకు ఎత్తు 325 మిల్లీమీటర్లు, మెడ వాలు 27 డిగ్రీలు, మెడ గీతకు ఇరుసు 60 మిల్లీమీటర్లు ముందుకు ఉన్నదనుకొందాము. అప్పుడు ట్రెయిల్ సుమారు 98 మిల్లీమీటర్లు. ఇప్పుడు మరొక బండి ఫోర్కు తెచ్చి వేసినాము, దానిలో ఇరుసు 35 మిల్లీమీటర్లే ముందుకు ఉన్నది. ట్రెయిల్ 126 మిల్లీమీటర్లు అవుతుంది. కంటికి కనబడని ఒక్క అంగుళం తేడా హ్యాండిలు స్వభావాన్నే మార్చివేస్తుంది. ఫోర్కు ఒక అంగుళం పొట్టిది వేసినా చిక్కే. బండి ముందుకు వంగి మెడ వాలు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, ట్రెయిల్ ఆరేడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఇంజను అడుగు భాగం నేలకు దగ్గరవుతుంది. కాబట్టి "సరిపోయింది" అన్న మాటకు మెకానిక్కుల దగ్గర ఒక అర్థం, రోడ్డు దగ్గర మరొక అర్థం. మెడలో దూరినంత మాత్రాన ఫోర్కు సరిపోయినట్లు కాదు.

ఈ లెక్క పూర్వపు కంపెనీలకు బాగా తెలుసును. విన్సెంట్ కంపెనీ 1948లో గిర్డ్రాలిక్ అనే ఫోర్కు తెచ్చినది. రూపం గిర్డరుది, దెబ్బను అణచడం నూనెతో. ప్రక్కబండి తగిలించుకొన్నవారు దాని లింకుల ఇరుసును త్రిప్పి ట్రెయిల్ మార్చుకొనే ఏర్పాటు కూడ దానిలో ఉన్నది. ప్రక్కబండికి ట్రెయిల్ తక్కువ కావాలి, ఒంటరి బండికి ఎక్కువ కావాలి. ఒక్క బండికే రెండు అవసరాలకు రెండు కొలతలు ఉన్నప్పుడు, పరాయి బండి ఫోర్కు కొలత చూడకుండా తగిలించడం ఎంత సాహసమో చెప్పనక్కరలేదు.

క్రొత్తదల్లా మేలనుకొనేవారికి బి.ఎం.డబ్ల్యు. చరిత్ర మంచి పాఠం. 1935లో నూనె ఫోర్కును లోకానికి చూపిన ఆ కంపెనీయే 1955లో దానిని ప్రక్కకు పెట్టి, ఎర్నీ ఎర్ల్స్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన వేరొక రకం ఫోర్కును తన బండ్లకు వేసినది. అది బ్రేకు వేసినప్పుడు తల వాల్చదు, ప్రక్కబండికి అనుకూలం. మరల 1969లో టెలిస్కోపిక్ ఫోర్కుకే తిరిగి వచ్చినది. ఫోర్కుల చరిత్ర ఒకే దిక్కుకు పోయే రైలు కాదని దీనివలన తెలుస్తున్నది. ప్రతి ఫోర్కూ ఒక పనికి, ఒక రోడ్డుకు, ఒక వేగానికి పుట్టినది.

పాత చట్రం మీద బరువు సంగతి కూడ ఆలోచించాలి. ఎం.20 ముందు చక్రానికి ఉన్నది ఏడు అంగుళాల డ్రమ్ము బ్రేకు. ఆనాటి చట్రంలో గొట్టాలను పోత ఇనుప మూలలలో దూర్చి ఇత్తడితో అతికినారు. ఈనాటి డిస్కు బ్రేకు ఫోర్కును ఆ మెడకు తగిలించి గట్టిగా బ్రేకు వేస్తే, ఆ అతుకులు ఎన్నడూ మోయని బరువును మోయవలసి వస్తుంది. చక్రం ఆగుతుంది సరే, మెడ నిలవాలి గదా! డెబ్బది, ఎనుబది ఏండ్ల చట్రానికి క్రొత్త బ్రేకు వేసే ముందు మెడ అతుకులలో పగుళ్ళు లేవని చూపించుకోవడం అవసరం.

ఇక చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన, సొంతానికి వాడుకొనే బండికి ఆ రిజిస్ట్రేషను లభిస్తుంది. కాని అది తన అసలు రూపంలో ఉండాలి. చట్రం, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు. ఆ రిజిస్ట్రేషనుకు నియమాలు నిర్ణయించిన రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి పది సంవత్సరాలు. అట్టి బండిని నిత్యం తిరగడానికి వాడరాదు. కాబట్టి బండిని వింటేజి వరుసలో చేర్చాలనే కోరిక ఉన్నవారు ఫోర్కు మీద చేయి వేసే ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుకోవడం మంచిది. మెడ కోసిన తరువాత విచారించి లాభం లేదు.

ఇన్ని సంగతులు చూచిన మీదట తండ్రీ కొడుకుల తగవుకు నాకు తోచిన తీర్పు ఇది. బండిని ప్రదర్శనలకు, పండుగలకు మాత్రమే తీయదలచినవారు గిర్డరునే బాగుచేయించుకోవాలి. లింకుల సీలలు, బుష్షులు క్రొత్తవి చేయించి, ఒరిపిడి బిళ్ళలు మార్చి, గ్రీసు పెడితే ఆ ఫోర్కు ఇంకొక తరం పని చేస్తుంది. ఆ ఖర్చు క్రొత్త ఫోర్కు తగిలించడానికి అయ్యే లేతు పని ఖర్చు కంటె ఎక్కువేమీ కాకపోవచ్చు. తరచుగా నడపదలచినవారు మార్చుకొన్నా తప్పు లేదు. కాని ఆ కంపెనీ ఆ బండికే తరువాత వేసిన ఫోర్కును వెదకాలి. 1944 ఎం.20కి 1948 ఎం.20 ఫోర్కు తమ్ముని వంటిది. నేటి బండి ఫోర్కు ఎంత గట్టిదైనా పరాయిదే.

వేయించేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నవి. మెడలో దూరే టీ పొడవు, కోన్‌సెట్టు కొలత, గోళీల లెక్క సరిపోవాలి. ఫోర్కు పొడవు, ఇరుసు ముందుకు ఉన్న దూరం పాతదానితో పోల్చి వ్రాసుకోవాలి. హ్యాండిలు పూర్తిగా త్రిప్పినప్పుడు గొట్టాలు టాంకుకు తగలకుండా అడ్డుమేకులు ఉండాలి. బ్రేకు ప్లేటు చక్రంతోపాటు తిరిగిపోకుండా ఫోర్కుకు గట్టి పట్టు ఉండాలి. ఈ పట్టు లేని బండిని బ్రేకు వేయగానే పడవేయడానికి ఒక్క క్షణం చాలు. ముందు చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు మడ్‌గార్డు మెడకు కొట్టుకోకూడదు. వైర్లు, కేబుళ్ళు ఎటు త్రిప్పినా బిగుసుకోకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒక్కటే. మెడను కోయరాదు, రంపం పెట్టరాదు, వెల్డింగు చేయరాదు. క్రొత్త ఫోర్కుకు తగినట్లు గోళీల గిన్నెలను చేయించుకోవాలి గాని, చట్రాన్ని ఫోర్కుకు తగినట్లు చెక్కించరాదు. విప్పిన పాత ఫోర్కును ఒక్క సీల కూడ పోకుండా నూనె పూసి, గోనెలో చుట్టి అటక మీద పెట్టాలి. ఏ ఏడు, ఏ ఫోర్కు, ఏ బండి నుండి తెచ్చి వేసినామో ఒక కాగితం మీద వ్రాసి బండి పత్రాలతో ఉంచాలి. అప్పుడు మనుమడు ఎప్పుడైనా పాత రూపం కావాలనుకొంటే ఒక పూట పనితో తిరిగి తెచ్చుకొంటాడు. చట్రం కోసినవాడు మాత్రం మనుమనికి ఆ అవకాశం లేకుండా చేసినట్లే.

మన వలస కుటుంబాలకు ఈ నియమం క్రొత్త కాదు. పొరుగు రాష్ట్రాలలో తరాల తరబడి ఉంటున్న మనము వేషం మార్చుకొన్నాము, వంటలో మార్పులు చేసుకొన్నాము, వీధిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో మాట్లాడుతున్నాము. రోడ్డుకు తగిన ఫోర్కు కావాలి, తప్పదు. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం చట్రం వంటిది. దానిని కోసి మరొకదానికి అతికితే తిరిగి రాదు. ఈ ఉగాదినాడు షెడ్డులో పాత బండి ఉన్నవారు ఒకసారి దాని మెడ అతుకులు చూడండి, పాత ఫోర్కు సామాను ఎక్కడ ఉన్నదో వెదకండి, దాని కథ పిల్లలకు తెలుగులో చెప్పండి. సంఘ సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.